మేకల టేపు, మనుషుల టేపు

మొన్న మదీనాగూడలో కొత్తగా తెరిచిన ఒక బొటిక్‌లో జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వెళ్ళాను. ఏసీ గది, నిలువుటద్దం, మెడలో టేపు వేసుకున్న చిన్నపిల్ల. ఆ పిల్ల నా వీపు వెనక నుంచి టేపు తిప్పి ముందుకు తెచ్చిందో లేదో, నేను చేతులు కాస్త ఎడం చేసి, తల ఎత్తి, ఊపిరంతా వదిలేసి నిలబడ్డాను. ఆ పిల్ల నవ్వింది. "ఫ్రీగా ఉండండి మేడం, ఎక్స్‌రే కాదు" అంది. నాకు నవ్వు రాలేదు. అలా నిలబడడం నాకు నేర్పిన మనిషి పోయి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో ఆమె గురించి నా దగ్గర ఎవరూ మాట ఎత్తలేదు. ఎవరి దగ్గర ఎత్తాలో తెలియక నేనూ ఎత్తలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమె కూడా నన్ను ఏనాడూ పేరుతో పిలవలేదు. మనుషుల పేర్లు గుర్తుపెట్టుకోవడం ఆమెకు దండగ పని. కొలతలు మాత్రం మరిచిపోయేది కాదు. నేను ముప్పై నాలుగు. మా పక్క ఫ్లాటు ఆవిడ ముప్పై ఎనిమిది, పొట్టి చేతులు. ఫోన్‌లో పేరు చెబితే ఎవరని అడిగేది, "ముప్పై నాలుగు అక్కా" అంటే "ఆఁ, చెప్పు" అనేది. నార్సింగిలో మేముండే టవర్లలో ఆమెను టైలరాంటీ అనేవాళ్ళు. రోడ్డు దాటి పాత ఊళ్ళోకి పోతే మేకలామె అనేవాళ్ళు. టవర్ల వాళ్ళకు ఆమె మేకల సంగతి తెలియదు. ఊరివాళ్ళు ఆమె కుట్టుపనిని పనిగా లెక్కపెట్టేవాళ్ళు కాదు.

మాది కడప జిల్లా. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా పని. మణికొండలో కిరాయి పెరిగిపోతుంటే నార్సింగికి మారాను. వచ్చిన వారంలోనే మేనత్త కూతురి పెళ్ళికి జాకెట్టు కావలసి వచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆమె ఇంటికి దారి చెప్పాడు. మూడంతస్తుల కిరాయి ఇల్లు ఒకటి. అది ఆమె తమ్ముడిది. ముందు తెల్ల కారు. పక్క సందులోంచి వెనక్కి పోతే రేకుల గది, అందులో కుట్టు మిషను, ఆ వెనక కర్రల దడి, దడి లోపల మేకలు. గదిలో మిషను నూనె వాసన, మేకల వాసన కలిసిపోయి ఉండేవి. కాసేపటికి ఏది ఏదో తెలిసేది కాదు.

నేను పట్టుకెళ్ళిన ఆది జాకెట్టును ఆమె విప్పి కూడా చూడలేదు. మిషను మీద పడేసింది. అది ఎప్పటిదో, నువ్వు ఇప్పటిదానివి, నిలబడు అంది. టేపు వేసి ఆగింది. ఎంతసేపటికీ తియ్యదు. చివరికి అంది:

"ఊపిరి వదులు. మీరందరు గంతే, టేపు చూస్తే చాలు, బిగబడ్తరు. మేకలే నయం, కొలిచేటప్పుడు అబద్ధం ఆడవు."

వేళాకోళం అనుకున్నాను. ఆ తర్వాత ఆమె నన్ను అలాగే వదిలేసి దడిలోకి వెళ్ళింది. నేను వచ్చినప్పుడు సగంలో ఆపిన పని అదేనట. ఒక మేకను రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, గదమ కింద చెయ్యి పెట్టి తల ఎత్తి, నాలుగు కాళ్ళూ సమంగా ఉండేట్టు నిలబెట్టింది. ముందుకాళ్ళకు సరిగ్గా వెనక, రొమ్ము చుట్టూ వేరే టేపు ఒకటి తిప్పింది. వెంట్రుకలు అణిగేదాకా లాగింది, అంతకన్నా బిగించలేదు. మేక ఊపిరి వదిలేదాకా ఆగి అంకె చూసింది. తర్వాత భుజం ఎముక నుంచి తోక పక్కన పొడుచుకు వచ్చే ఎముక దాకా పొడవు కొలిచింది. రెండంకెలూ గొణుక్కుని, "పంతొమ్మిది కిలోలు" అంది. మేకను వదిలేసి, చేతులు కడుక్కుని వచ్చి నా భుజాలు కొలిచింది.

లెక్క ఎక్కడ నేర్చుకున్నావక్కా అని చాలా రోజుల తర్వాత అడిగాను. పశువుల దవాఖానలో ఒక డాక్టరు చెప్పాడట, మేకకు కాంటా అక్కర్లేదు, రొమ్ము చుట్టు, ఒంటి పొడవు తెలిస్తే చాలని. అప్పటికి ఆమె భర్త బతికే ఉన్నాడు. ఇప్పుడు మేముంటున్న టవర్లు లేచిన గుట్టల్లో మందను మేపేవాళ్ళు. కొనడానికి వచ్చేవాడు నడుము దగ్గర పిడికిలితో పట్టుకుని మేకను ఎత్తి చూసి ఒక బరువు చెప్పేవాడు. ఎవడు ఎత్తినా తక్కువే తూగేది. ఈమె ఇంట్లో టేపుతో కొలిచి, అదే మేకను పాత ఇనుప సామాను కొట్టుకు తోలుకుపోయి అక్కడి కాంటా మీద నిలబెట్టేది. అలా ఎన్ని మేకలను నిలబెట్టిందో, కొట్టువాడితో ఎన్ని తిట్లు తిన్నదో. "లెక్క డాక్టరు చెప్పిండు. చేతికి తెచ్చుకున్నది నేను" అనేది. ఆ గర్వం ఆమె దాచుకునేది కాదు.

ఆమెకు రెండు విషయాలంటే మంట. ఒకటి, కడుపు చూసి బరువు చెప్పడం. కడుపులో ఉండేది గడ్డి, నీళ్ళు, కాకపోతే పిల్లలు. అవేవీ మేక కాదు. మేక అంతా రొమ్ములో ఉంటుంది, అక్కడ చూడాలి అనేది. రెండోది "అందాజగా" అనే మాట. వానలకు ముందు నట్టల మందు పొయ్యాలి. బరువును బట్టి మందు. తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే మేక పడిపోతుంది. ఊళ్ళో అందరూ అన్నిటికీ ఒకే మూత కొలతతో పోసేవాళ్ళు. ఎవరి మేకన్నా పడిపోతే ఈమె పోయి పరామర్శించేది కాదు. దడి దగ్గర నిలబడి, అందాజగా పోసినవా అని అడిగి వచ్చేసేది. ఎవరూ ఆమెను ఇష్టపడకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

నాకు మాత్రం ఎందుకు నచ్చిందో చెప్పలేను. వచ్చిన మనిషికి మంచినీళ్ళిచ్చేది కాదు. చెప్పిన రోజుకు జాకెట్టు ఇచ్చేది కాదు, ఆలస్యమైందని ఒక్క మాట అనేది కాదు. పెళ్ళి కూతురి ముఖం మీదే ఒక భుజం కిందికుందని చెప్పేది. కానీ ఆమె కుట్టింది వేసుకుంటే చెయ్యెత్తినా చంక దగ్గర ముడత పడేది కాదు. రోజంతా ఆఫీసు కుర్చీలో కూర్చున్నా ఎక్కడా పట్టేసేది కాదు. టవర్లలో ఆడవాళ్ళంతా ఆమె నోటిని ఆ పనితనం కోసమే భరించారు. భరించడమనేది ఎంత దూరం వస్తుందో తర్వాత తెలిసింది.

అసోసియేషన్ వాళ్ళు ఆమెకు ఆదివారాలు పొద్దున క్లబ్‌హౌస్ వరండాలో కూర్చుని కొలతలు తీసుకోవడానికి ఒప్పుకున్నారు. ఒక ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. పన్నెండో అంతస్తులో ఉండే ఒకావిడ పాత జాకెట్లు పది పట్టుకుని వచ్చింది. మంచి మనిషే, అందరినీ పలకరిస్తుంది, భర్త ఏదో పెద్ద కంపెనీలో డైరెక్టర్. ఆర్నెల్లుగా జిమ్ముకు పోతున్నానని, రాత్రిపూట అన్నం మానేశానని, బాగా తగ్గానని, ఈ జాకెట్లన్నీ లోపలికి కుట్టాలని చెప్పింది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళం ఉన్నాం. నిజమే, తగ్గారు, తగ్గారు అన్నాం.

ఆమె టేపు వేసింది. ఆగింది. మళ్ళీ వేసింది.

"ఏం తగ్గలే. నలభై ఉండె, నలభయ్యే ఉన్నది. కడుపు లోపటికి పీల్చినవ్, గంతే."

ఆవిడ నవ్వుతూనే, మా ఇంట్లో మెషీన్ ఐదు కిలోలు తగ్గానని చూపిస్తోందండి అంది. మెషీన్ సంగతి నాకెరుక లేదు, నువ్వు డెబ్బై ఆరుంటవ్, పోయిన దీపావళికీ గంతే ఉంటివి అని ఈమె పిన్నులు సర్దుకుంటూ చెప్పింది. పక్కనున్న ఒకామె సరదాకే అడిగింది, టేపు పెట్టి బరువెలా చెప్తావు ఆంటీ అని. "మేకలకు చూసినట్టే. రొమ్ము దగ్గర అబద్ధం ఉండదు" అంది ఈమె.

పన్నెండో అంతస్తు ఆవిడ ముఖం ఎర్రబడింది. తర్వాత ఆవిడే, మెల్లగా, మేకలకు కూడా ఈ టేపేనా అని అడిగింది. ఒక్క ముక్క, కాదు అని చెబితే అయిపోయేది. ఈమె తలెత్తి ఆవిడ వైపు చూసి, జవాబు చెప్పకుండా, ఇంకెవరు ఉన్నరు అని మిగిలినవాళ్ళను పిలిచింది. ఎవరూ రాలేదు. పది జాకెట్లూ సంచిలో పెట్టుకుని ఆవిడ లిఫ్టు వైపు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. మేకలకు, పందులకు వాడిన టేపు మన ఒంటికి తగిలించిందని ఒకరు. పందులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు. పిల్లల స్కూలు యూనిఫారాలు కూడా ఆమే కుట్టింది, దద్దుర్లు వస్తే బాధ్యులెవరని ఒకరు. ఇన్నాళ్ళూ వాసన వస్తున్నా మొహమాటపడి ఊరుకున్నానని ఇంకొకరు. ఒకావిడ తన జాకెట్లన్నీ మందు నీళ్ళలో నానబెట్టి మూడుసార్లు ఉతికించానని రాస్తే దాని కింద చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చాయి. నేను రాశాను, మేకల టేపు వేరు, నా కళ్ళతో చూశాను, మేకను ముట్టుకుంటే చేతులు కడుక్కుని గానీ మనల్ని ముట్టుకోదు అని. దానికి ఒక్కరూ బదులివ్వలేదు. దాని కిందే ఎవరో సాయంత్రం పుట్టినరోజు పార్టీకి మటన్ బిర్యానీ ఎంతమందికి చెప్పాలో పేర్లు రాయమన్నారు. పేర్లు రాసుకుంటూ పోయారు.

అసోసియేషన్ ప్రెసిడెంటుతో మాట్లాడాను. ఆయన రిటైరైన బ్యాంకు ఆఫీసరు, గోదావరి జిల్లాల వైపు మనిషి, చాలా మర్యాదస్తుడు. "నేను కాదనట్లేదండి, రెండు టేపులే ఉండొచ్చండి. కానీ ఒకసారి ఆడవాళ్ళ మనసులో పడ్డాక తీసెయ్యలేమండి. హైజీన్ విషయం" అన్నాడు. ఆ వారం నుంచి ఆమెను గేటు దగ్గరే ఆపేశారు. ఆపినవాడు నాకు ఆమె ఇంటి దారి చెప్పిన సెక్యూరిటీ అతనే. ఆమె వాదించలేదు. కుట్టడం పూర్తయిన జాకెట్ల మూటలు అతని చేతిలో పెట్టి, ఏ మూట ఏ కొలతదో చెప్పి వెనక్కి తిరిగింది. అతనికి ఆ కొలతలు ఎవరివో ఎలా తెలుస్తాయి. ఆ మూటలు చాలా రోజులు సెక్యూరిటీ గదిలో కుర్చీ కింద పడి ఉన్నాయి. కొందరు ఫోన్లు చేసి తెప్పించుకున్నారు. మిగిలినవి ఏమయ్యాయో తెలియదు.

ఆ సాయంత్రం నేను పోయేసరికి ఆమె మిషను దగ్గరే ఉంది. గోడకు మేకు మీద పసుపు టేపు, దడి గుంజకు తెల్ల టేపు. ఆ తెల్లదానికి మొదటి రెండంగుళాలు మేక నమిలేసింది, మూడు నుంచి లెక్కపెట్టుకోవాలి. అది మనుషులకు వాడితే ఒక్క జాకెట్టూ సరిపోదు. ఇంత తేలికైన విషయం. ఎందుకు చెప్పలేదక్కా అని అడిగాను.

"అడిగినట్టు అడిగిందా ఆమె? చెప్పు, నీకన్న అడిగినట్టు అనిపించిందా?"

లేదన్నాను.

"ఇగ ఏం చెప్పాలె. చెప్తె నమ్ముతదా? తెచ్చి చూపియ్యమంటది. చూపిస్తె, ఇది నిన్న కొన్నవేమో అంటది."

అంతే, ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. నాకు మాత్రం ఆమె మీద కోపం వచ్చింది. ఆ పొగరు తీసి పక్కన పెట్టి ఒక్క మాట చెబితే ఆమె పని ఆమెకు ఉండేది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

పని తగ్గింది. బస్తీ పిల్లల గౌన్లు, ముసలివాళ్ళ రవికలు మిగిలాయి. మేకలతో ఎక్కువ సేపు గడిపేది. తమ్ముడికి అది నచ్చేది కాదు. ప్లాట్లు కొని అమ్మే మనిషి, ఇంటికి పెద్దపెద్ద వాళ్ళు వస్తారు, వెనక నుంచి మేకల వాసన. నేను కనబడితే నవ్వుతూ, "మా అక్కకు నేనేం లోటు చేసిన మేడం? కూసొని తినమంటే వినదు. మేకలు ఆమె శోకు" అనేవాడు. అతను సరదా అనుకునే ఆ శోకు మీదే ఆమె బతికిందని, ఆ ఇంట్లో ఆమె అన్నం తినగా నేనెప్పుడూ చూడలేదని అతనికి చెప్పి ఏం లాభం.

దసరా పోయి, ఎండలు మొదలయ్యేసరికి ఆమె ఒళ్ళు చేసినట్టు కనిపించింది. వదినె ఇప్పుడు జర మనిషైంది, తిండి పడుతున్నది అని ఆమె మరదలు, తమ్ముడి భార్య, సంతోషంగా చెప్పింది. కడుపు ముందుకు వచ్చింది. ఆయాసపడుతోంది. బస్తీలో చిన్న క్లినిక్‌కు పోతే బరువు మిషను ఎక్కించి, బరువేం తగ్గలేదు, గ్యాసు అని గోళీలు ఇచ్చారట.

ఒక శనివారం మధ్యాహ్నం నేను చీరకు ఫాల్ కుట్టించుకోవడానికి వెళ్ళాను. ఆమె చీర తీసుకోలేదు. పసుపు టేపు నా చేతికిచ్చి, తన రొమ్ము చుట్టు కొలవమంది. ఎవరిది వాళ్ళు కొలుచుకుంటే చేతులు లేస్తాయి, లెక్క తప్పుతుంది అంది. నిలబడి, తల ఎత్తి, ఊపిరి వదిలింది. టేపు కింద పక్కటెముకలు ఒక్కొక్కటీ తగిలాయి. ముప్పై ఒకటి. మళ్ళీ చూడమంది. ముప్పై ఒకటే.

"దసరాకు ముప్పై నాలుగున్నర" అని ఆమె స్టూలు మీద కూర్చుంది. "కడుపు పెరుగుతున్నది, రొమ్ము తగ్గుతున్నది. సూడి మేకైతే సంతోషపడాలె. నాకు యాభై దాటినయ్."

నేనేదో ధైర్యం చెప్పబోయాను. వినలేదు. రేపు నీకు ఆఫీసు లేదు గద, పెద్ద దవాఖానకు తోలుకపోతవా అని అడిగింది. ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

దవాఖానలో కడుపులోంచి నీరు తీశారు. బకెట్టు చూసి నేను తల తిప్పుకున్నాను. ఆమె మాత్రం చూస్తూనే ఉంది. నీరు తీశాక నర్సు ఆమెను కాంటా మీద నిలబెట్టింది. నలభై ఉంటాను అని ముందే నాతో పందెం వేసినట్టు చెప్పింది. ముప్పై ఆరు వచ్చింది. మళ్ళీ నిలబెట్టమంది. ముప్పై ఆరు. మంచం మీదికి వచ్చి చాలాసేపు పైకి చూస్తూ పడుకుంది. దిగులుపడుతోందనుకున్నాను. తర్వాత చూస్తే నవ్వుతోంది.

"మేకల లెక్క మనుషులకు రాదన్నట్టు. నాలుగు కిలోలు తప్పింది. ఆమె నిజంగనే తగ్గిందేమో."

ఎవరో నాకు ఒక్క క్షణం తట్టలేదు. పన్నెండో అంతస్తు ఆవిడ. వెళ్ళి చెప్పమంటావా అక్కా అని అడిగాను.

"వద్దు. చెప్తె మల్ల తింటది. నా మీది కోపంతోనన్న నడవనియ్యి."

ఆమె అంతసేపు నవ్వగా నేను చూసింది ఆ ఒక్క పూటే.

మూడో రోజు తమ్ముడు వచ్చాడు. డాక్టరు వరండాలో నిలబడి చెప్పాడు. క్యాన్సర్ అండాశయంలో మొదలైంది, కాలేయానికి పాకింది. మందులు ఎక్కిస్తే ఇంకొన్నాళ్ళు కలిసి రావచ్చు, రాకపోవచ్చు. తమ్ముడు గ్యారంటీ ఏమన్నా ఉంటదా సార్ అని అడిగాడు. అలాంటిదేమీ ఉండదని డాక్టరు చెప్పాడు. అయితే ఇంటికి తీసుకుపోతాం అన్నాడు. వరండాలోనే తేలిపోయింది. గదిలోకి వచ్చి ఆమెను ఒక్క మాటా అడగలేదు, సామాన్లు సర్దమని మరదలికి ఫోన్ చేశాడు. తలుపు తీసే ఉంది. ఆమెకు అంతా వినబడింది. నేను ఆమె పక్కన కూర్చుంటే, తమ్ముడితో మాట్లాడు, ఇంకొంచెం చూద్దామని చెప్పు అంటుందేమోనని ఎదురుచూశాను. ఆమె అలాంటిదేమీ అనలేదు. వానలెప్పుడు మొదలైతయ్ అని అడిగింది.

ఇంటికొచ్చాక రేకుల గదిలోనే మంచం వేశారు. పై అంతస్తుల్లో కిరాయికి ఉన్నవాళ్ళకు ఇబ్బందని. తొలకరి పడిన వారం నన్ను రమ్మని కబురు చేసింది. వెళితే మంచాన్ని తలుపు దగ్గరికి జరిపించుకుని, దడి వైపు తిరిగి పడుకుని ఉంది. మేకలకు నట్టల మందు పోసే వేళ దాటిపోతోంది, తను లేవలేదు, నువ్వు కొలువు, నేను మందు చెబుతా అంది. తమ్ముడిని అడగలేదా అంటే, వాడు అందాజగా పోస్తడు అంది.

నేను చుడీదార్ పైకి దోపుకుని దడిలోకి దిగాను. కడపలో పుట్టినా మేకను పట్టుకోవడం అదే మొదలు. మొదటిది నన్ను ఈడ్చుకుపోయి గుంజకు కొట్టింది. మోకాళ్ళ మధ్య పెట్టు, భయపడితే దానికి తెలుస్తది అని ఆమె మంచం మీంచి తిడుతూనే ఉంది. తల లేపు. ఎడమ కాలు ముందుకు పడ్డది, సరిజెయ్యి. రెండంగుళాలు తీసెయ్యడం మర్చిపోకు. నేను అంకె చెబితే ఒప్పుకునేది కాదు. "ఇరవై ఆరు కాదు. అది ఊపిరి తీస్కున్నది. ఆగు. ఇప్పుడు చూడు." చూస్తే అర అంగుళం తగ్గేది. అంత దూరం నుంచి మేక ఊపిరి ఆమెకెలా కనబడిందో.

ఒక నల్ల మేక కడుపు రెండు వైపులా ఉబ్బి ఉంది. అన్నిటికన్నా బరువైనదని నేను ఎక్కువ మందు తియ్యబోయాను. సూడిది, కడుపు చూడకు, రొమ్ము కొలువు అంది. కొలిస్తే పక్కనున్న బక్కదానికన్నా తక్కువ వచ్చింది. దానికి ఇప్పుడు మందు పొయ్యొద్దు, ఈనినంక అంది. చివర్లో పెద్ద పోతు. గోధుమరంగు, మెడ నిండా జూలు. చుట్టు ఇరవై ఎనిమిది, పొడవు ఇరవై అయిదు. ముప్పై కిలోలకు కొంచెం తక్కువ అని ఆమె కళ్ళు మూసుకుని చెప్పింది. సూది లేని సిరంజిలో మందు తీసి దాని దవడ పక్క నుంచి పోశాను. అది తలాడించి సగం నా మీద చిమ్మింది. ఎంత పోయిందో చూసి అంతే మళ్ళీ పొయ్యమంది.

అన్నీ అయ్యేసరికి నా బట్టలు, చేతులు, జుట్టు అంతా మేకే. చేతులు సబ్బుతో కడుక్కో, మల్ల మీ టవర్ల రానియ్యరు అంది. బాగా చేశానని అనలేదు. పర్వాలే అంది. మళ్ళా మూడు నెలలకు పొయ్యాలె, యాదికి పెట్టుకో అంది. సరేనన్నాను.

తర్వాత రెండు వారాలు ఆఫీసులో రిలీజు పని. ఒక రోజు మీటింగులో ఉండగా మరదలు ఫోన్ చేసింది. "మేడం, మా వదినె దగ్గర మీ బట్టలేమన్న ఉన్నయా? ఉంటే తీస్కపోండి, రూమ్ ఖాళీ జేస్తున్నం." అక్కకు ఎలా ఉందని అడిగాను. మీకు ఎవరూ చెప్పలేదా, పోయి వారం దాటింది అంది. ఎల్లుండి పదకొండో దినం, తప్పకుండా రావాలి అని కూడా చెప్పింది.

వెళ్ళాను. సందులో షామియానా, కుర్చీలు, ఆధార్ కార్డు ఫొటోను పెద్దది చేయించి దండ వేశారు. ఆ ఫొటోలో ఆమె ఊపిరి బిగబట్టినట్టు ఉంది. టవర్ల నుంచి ఎవరూ రాలేదు, వస్తారని నేనూ అనుకోలేదు. వెనక్కి వెళ్ళి చూస్తే దడి పీకేశారు, నేల కడిగేశారు. తమ్ముడు వెనకే వచ్చాడు. మేకలన్నీ ఒకేసారి ఒక బేరగాడు బండిలో ఎక్కించుకుపోయాడని, పీడ వదిలిందని చెప్పాడు. ఆ నల్ల మేకను చూసి మంచి కండ పట్టిందని, దాన్నే ముందు ఎక్కించాడట. అది సూడిదన్నాను.

"అవునా? చూడనీకె బలిసినట్టే ఉండె" అన్నాడు. నిజంగానే అతనికి తెలియదు.

పెద్ద పోతును మాత్రం ఇంట్లోనే ఉంచుకున్నారు. ఆ పూట వంట దానితోనే. నన్ను మగవాళ్ళ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ మాటంతా దాని గురించే. యాట ఎంత తూగిందని ఒకరు. ఇరవై అని ఒకరు, నలభైకి తక్కువ లేదని ఇంకొకరు, కోసినవాడు ముప్పై అయిదన్నాడని తమ్ముడు. ఎవరూ తూచలేదు. వాదన పెరిగి ఒకరిమీద ఒకరు నవ్వుకుంటున్నారు. ముప్పై కిలోలకు కొంచెం తక్కువ అన్నాను నేను.

తమ్ముడు నా వైపు తిరిగి, "మీరు గూడ మా అక్క లెక్కనే మాట్లాడుతున్నరు మేడం" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ భోజనాల్లో ఆమె మాట వచ్చింది అదొక్కసారే.

వడ్డించే అతను గిన్నె పట్టుకుని వచ్చి, మెత్తటి ముక్కలు వెయ్యాలా, బొక్కలున్నవా అని అడిగాడు. ఏవైనా సరేనన్నాను. వానలు ముదరకముందే మందు పడిన మేక. మాంసం బాగుందని అందరూ అన్నారు. నిజంగానే బాగుంది.